యాకీ అవ్వకు తెలిసిన మూలికలను వీడియో తీయవచ్చునా?

ఎడారి_మల్లె
నేను అరిజోనాలోని టెంపేలో ఒక బడిలో గణితం చెబుతున్నాను. మాకు ఆనుకొనే గ్వాడలూపే అనే చిన్న పట్టణం ఉంది. చాండ్లర్, టెంపేలలో ఉండే తెలుగువాళ్లు రోజూ ఫ్రీవే మీద దాన్ని దాటి వెళ్తూనే ఉంటారు కానీ, మెక్సికోలోని సొనోరా నుంచి ప్రాణాలు దక్కించుకోవడానికి వచ్చిన యాకీలనే ఆదివాసీ తెగవారు వందేళ్లకు పైగా అక్కడ నివసిస్తున్నారన్న సంగతి చాలామందికి తెలియదు. నా తోటి ఉపాధ్యాయిని ఒకావిడ ఆ ఊరి ఆడపడుచే. ఆమె అమ్మమ్మకు ఎనభై దాటాయి. జ్వరానికి పెరట్లోని సౌకో (ఎల్డర్‌బెర్రీ) పూల కషాయం, అరగకపోతే ఎస్తఫియాతే అనే చేదాకు, కాళ్లు లాగితే క్రియోసోటు అనే ఎడారి పొద ఆకులు కాచి కాళ్లకు పోసే నీళ్లు, ఇలా ఆ ఇంట్లో ప్రతిదానికీ ఆవిడే దిక్కు.

ఇదంతా వీడియో తీసి యూట్యూబులో పెడితే టూసాన్‌లోనూ సొనోరాలోనూ చెదిరిపోయిన బంధువుల పిల్లలు చూసి నేర్చుకుంటారని మనవరాలి ఆశ. నాకు వీడియోలు కూర్చడం వచ్చు కాబట్టి సాయం అడిగింది. అయితే కెమెరా చూడగానే పెద్దావిడ మాట ఆపేశారు. నేర్చుకోవాలనుకున్నవాళ్లు తనతో నడిచి చెట్టు దగ్గరకు రావాలని మాత్రం అన్నారు. నడవడానికి మనవళ్లకు తీరిక లేదు, ఆవిడకు ఓపిక తగ్గిపోతోంది. బతిమాలి ఒప్పించడం న్యాయమా, కాదా? ఇక్కడ మూలికల సంగతి తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

పసరు_మనవడు
తప్పక ఒప్పించండి, ఆలస్యం చేయకండి. మా తాతగారు ఒంగోలు పక్క పల్లెలో పచ్చకామెర్లకు పసరు పోసేవారు. ఆదివారం తెల్లవారకముందే బండ్లు కట్టుకొని వచ్చి జనం మా అరుగు మీద పరగడుపున కూర్చునేవారు. మందు పేరు పైకి చెబితే దాని గుణం పోతుందని ఆయన గట్టిగా నమ్మేవారు. అందుకే ఆకును లోపలి గదిలో నూరి, ఏ ఆకో పోల్చుకోవడానికి వీల్లేకుండా చేసిన తరువాతే గిన్నె బయటకు తెచ్చేవారు. మా నాన్నకు కూడా చెప్పలేదు. ఆయన పోయాక ఏడాది పాటు జనం వస్తూనే ఉన్నారు, మేము తిప్పి పంపుతూనే ఉన్నాం. ఆ ఆకు నేటికీ మా పొలం గట్టు మీదే మొలుస్తూ ఉండవచ్చు, ఏదో మాకు తెలియదు. ఆ ఇంటికి అటువంటి గతి పట్టకూడదు.

నల్లమల_బాట
పసరు_మనవడు గారి బాధ నాకు అర్థమవుతుంది కానీ ఆ సలహాతో నేను ఏకీభవించలేను. నేను నల్లమలలో చెంచు గూడేల (పెంటల) మధ్య చాలాకాలం పనిచేశాను. అడవిలో ఏది ఎక్కడ దొరుకుతుందో బయటివాళ్లకు తెలిసిన తరువాత ఏమవుతుందో నన్నారి గడ్డల విషయంలో కళ్లారా చూశాను. చెంచులు గడ్డను తవ్వేటప్పుడు కొంత వేరును నేలలోనే వదిలి మట్టి కప్పుతారు. మరుసటి ఏడాది తీగ మళ్లీ చిగురిస్తుంది. షర్బత్తు వ్యాపారం పెరిగి, బస్తాల లెక్కన కొనేవాళ్లు వచ్చాక వేరు మొత్తం పెకలించడం మొదలైంది. ఇప్పుడు చాలా చోట్ల ఆ తీగ కోసం వెతుక్కోవలసిందే. మొక్క పేరు వీడియోలో వెళ్తుంది కానీ, ఎంత తీయాలి, ఎంత వదలాలి అన్నది వెంట నడిచినవాడికే తెలుస్తుంది. ఆ పెద్దావిడ అడిగిన షరతు మొండితనం కాదు, అది పాఠంలో భాగమే.

సందేహి_వరంగల్
యాకీలు అంటే పెయోటీ తిని దర్శనాలు పొందే మాంత్రికులే కదా? 1968లో కార్లోస్ కాస్టనేడా అనే అమెరికన్ విద్యార్థి ఒక యాకీ గురువు గురించి రాసిన ప్రసిద్ధ పుస్తకం అదే చెబుతుంది. అటువంటి రహస్య విద్యను కెమెరా ముందు చెప్పకపోవడం సహజమే.

టూసాన్_తెలుగు
సందేహి గారూ, ఆ పుస్తకం వల్ల యాకీలకు జరిగిన నష్టం చిన్నది కాదు. పెయోటీ అనే ముళ్లు లేని చిన్న నాగజెముడు తూర్పున చివావా ఎడారిలోనూ దక్షిణ టెక్సాస్‌లోనూ పెరుగుతుంది. యాకీల సొనోరా నేలలో అది మొలవదు. దాన్ని పవిత్రంగా వాడేవారిలో విచోల్ ప్రజలు ముఖ్యులు. ఆ పుస్తకంలోని గురువు అసలు ఉన్నాడా అని పరిశోధకులే చాలాకాలంగా ప్రశ్నిస్తున్నారు. అయినా దాన్ని చదివినవాళ్లు గురువును వెతుక్కుంటూ యాకీ వాడల్లోకి వచ్చి ముసలివాళ్ల తలుపులు తట్టేవారు. పెద్దావిడ కెమెరాను చూసి తగ్గడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

అసలు వైద్యం సంగతి వేరు. యాకీలలో వైద్యం చేసేవారిని హితేవి అంటారు. మూలికలు, ఒళ్లు పట్టడం, ప్రార్థన, కలలను బట్టి రోగం తెలుసుకోవడం, ఇవన్నీ అందులో కలిసే ఉంటాయి. ఆ శక్తి, వారి మాటలో సేయతాకా, కొందరికి పుట్టుకతోనే వస్తుందని, అది లేనివారు ఎంత నేర్చుకున్నా హితేవి కాలేరని వారి నమ్మకం. దీనికి భిన్నంగా, జ్వరానికీ అజీర్తికీ ఏ ఆకు కాచాలన్నది ప్రతి ఇంట్లోనూ అమ్మమ్మలకు తెలిసిన సంగతి. ఎడారి_మల్లె గారు ముందుగా ఈ రెండింటినీ వేరు చేసి చూడాలి. ఆవిడ చెప్పేది వంటింటి వైద్యమైతే దాచుకోవలసినది కొంచెమే ఉంటుంది. హితేవి విద్య అయితే దాన్ని అడిగే అర్హత మనకు లేదు.

ఆకుపచ్చ_రేఖ
వందేళ్ల క్రితం వలస వచ్చినవాళ్లు తమ మూలికలను అరిజోనాలో ఎలా గుర్తుపట్టగలిగారు? మనవాళ్లు డాలస్ వెళ్తే కరివేపాకు మొక్కను కుండీలో బతికించడానికే నానా తంటాలు పడతారు.

టూసాన్_తెలుగు
అది వారి అదృష్టమే. సొనోరా ఎడారి సరిహద్దుకు రెండు వైపులా ఉంది కాబట్టి మెస్కీటు, క్రియోసోటు, వాగుల్లో పెరిగే బతమోతే, అన్నీ ఇక్కడా కనిపించాయి. ఆ అదృష్టం లేనివాళ్లు వేలల్లో ఉన్నారు. 1900 తరువాత మెక్సికోలో పోర్ఫీరియో డియాస్ ప్రభుత్వం యాకీలను పట్టుకొని, తల్లీపిల్లలను విడదీసి, దేశానికి ఆ చివర ఉన్న యుకతాన్‌లో కిత్తనార తోటల్లో వెట్టికి తోలింది. ఆ తేమ నేలలో తాతల నాటి మొక్క ఒక్కటీ కంటపడక, ఎండదెబ్బకూ జ్వరాలకూ ఎందరో రాలిపోయారు.

తప్పించుకొని ఇక్కడికి వచ్చినవాళ్లు కూడా తిరిగి మెక్సికోకు పంపేస్తారన్న భయంతో చాలాకాలం తాము యాకీలమని పైకి చెప్పుకోలేదు. బయట స్పానిష్ మాట్లాడారు, ఆచారాలు చాటుగా జరుపుకున్నారు. 1964లో టూసాన్ నైరుతిన 202 ఎకరాలు దక్కాయి, 1978 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం పాస్క్వా యాకీ తెగకు గుర్తింపు ఇచ్చింది. ఆ పెద్దావిడ పెరిగింది గుర్తింపు రాకముందు కాలంలో. పరాయివాళ్ల ముందు నోరు విప్పవద్దని ఇంట్లో నేర్పిన తరం అది.

గోదారి_గట్టు
వలస వెళ్లినవాళ్ల మాట సరే, సొంత నేల మీద ఉన్నవాళ్ల గతి ఏమైందో కూడా చెప్పుకోవాలి. సొనోరాలో యాకీల ఎనిమిది ఊళ్లూ యాకీ నది చివరి పాయల వెంట వెలసినవే. ఎగువన 1940లలో ఒక ఆనకట్ట, 1952లో మరొకటి వచ్చాయి. మొదటి ఆనకట్ట నీటిలో సగం దాకా యాకీలదేనని 1940లో అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ ఉత్తర్వు ఇచ్చినా, నది మాత్రం వారి ఊళ్ల దగ్గరకు వచ్చేసరికి ఎండిపోయింది. ఆ తరువాత ఎర్మొసీయో నగరానికి గొట్టాలతో నీళ్లు మళ్లించారు. 2013లో యాకీలు వీకామ్ దగ్గర రహదారిని అడ్డగించి నెలల తరబడి కూర్చున్నది అందుకే. నది ఒడ్డున పెరిగే విల్లో, రెల్లు, బతమోతే నీళ్లు లేకుండా ఎలా బతుకుతాయి? రెల్లు లేకపోతే గోడలకు తడికలు లేవు, ఒడ్డున పొదలు లేకపోతే మందు లేదు.

పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు తరలించిన కొండరెడ్లు, కోయల దగ్గర నేను ఇదే చూశాను. నాటువైద్యం చేసే పెద్దాయన ఒకరు సిమెంటు ఇంటి గడపలో కూర్చొని, తనకు అన్నీ గుర్తున్నాయని, చూపించడానికి ఇక్కడ చెట్టు లేదని నాతో అన్నారు. నల్లమల_బాట గారు చెప్పిన నడక పాఠానికి ముందు నడవడానికి చోటు ఉండాలి. గ్వాడలూపే పెద్దావిడకు ఇంకా చోటు ఉంది, నడవడానికి కాళ్లు ఉన్నాయి. వీడియో గురించి వాదించుకుంటూ ఈ చలికాలాన్ని పోగొట్టుకోవద్దని నా మనవి.

డా_శాంత
నేను కాలేయ వైద్యురాలిని. ఎవరూ ఇంతవరకూ ప్రస్తావించని ఒక విషయం చెప్పాలి. క్రియోసోటు ఆకును చాపరాల్ పేరుతో మాత్రలుగా, టీగా అమ్మడం మొదలయ్యాక వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపడి, అమెరికా ఆహార ఔషధ సంస్థ 1992లోనే హెచ్చరిక జారీ చేసింది. ఆ అవ్వగారు దాన్ని కాళ్లకు పోసుకునే నీళ్లలో వాడుతున్నారు. వీడియో చూసిన ఎవరో దాన్ని రోజూ తాగితే ఫలితం మరోలా ఉంటుంది. సౌకో పూలు మంచివే, దాని పచ్చి కొమ్మలూ ఆకులూ కడుపులోకి వెళ్తే విషం. ఇక మెక్సికో సరిహద్దు ప్రాంతాల్లో పిల్లలకు అజీర్తి చేసినప్పుడు గ్రేతా, అసర్కోన్ అనే పొడులు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అవి మూలికలు కావు, దాదాపు పూర్తిగా సీసమే. ఒకే అరలో ఉంచి అమ్ముతారు కాబట్టి కొత్తవారు తేడా పోల్చుకోలేరు.

పసరు_మనవడు గారూ, మీ తాతగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. అలా తగ్గని కొద్దిమందే ఆలస్యంగా మా దగ్గరకు వస్తారు.

పసరు_మనవడు
డాక్టరు గారూ, తగ్గేవి తగ్గుతాయన్న మాటను నేను కాదనను. అయితే తాతగారు నాడి చూసి, గోళ్లూ కళ్లూ చూసి, కొందరిని పసరు పోయకుండానే గుంటూరు పెద్దాసుపత్రికి పొమ్మనేవారు. ఎవరిని పంపాలన్న ఆ తెలివి ఎక్కడా రాసి లేదు. నేను పోయిందని బాధపడుతున్నది ఆకు గురించి మాత్రమే కాదు, ఆ చూపు గురించి కూడా. రికార్డు చేసి ఉంటే అందులో కొంతైనా మిగిలేది.

డా_శాంత
ఆ చూపు విలువైనదే, అందులో మీతో నాకు పేచీ లేదు. దాన్ని భద్రపరచాలంటే రోగిని చూస్తున్న సమయంలోనే రికార్డు చేయాలి కానీ, ఆకును చేత్తో పట్టుకొని కెమెరాకు చూపిస్తే అది రాదు.

కడప_సుబ్బారాయుడు
మెస్కీటు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెబుతాను. మన సర్కారు తుమ్మ దాని చుట్టమే. 1877 ప్రాంతంలో దాన్ని వంటచెరకు కోసం మా కడప జిల్లాలోనే మొదట నాటారు. ఇప్పుడు చెరువు గర్భాల నుంచి రైలు పట్టాల దాకా అదే. మనకు అది ముళ్లు, బొగ్గు, మేకల మేత. యాకీలకు దాని బంధువు మెస్కీటు అన్నమూ మందూ కూడా. ఎండిన కాయలను దంచి తియ్యటి పిండి చేసుకుంటారు, కాండం నుంచి కారే జిగురును గొంతు నొప్పికి వాడతారు, కర్రతో పండుగ పందిళ్లు వేస్తారు. చెట్టు సముద్రాలు దాటి వచ్చింది, దానితో బతకడం తెలిసిన మనుషులు రాలేదు. అందుకే నూట యాభై ఏళ్లు కావస్తున్నా మనం దాన్ని నరకడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. వీడియోల వల్ల కూడా అదే జరుగుతుందని నా భయం. మొక్క మాత్రం పది దేశాలకు పాకుతుంది.

ఆకుపచ్చ_రేఖ
ఎస్తఫియాతే మన మాచిపత్రి జాతిదే. వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట వేసేది మాచీపత్రమే. మా చిన్నతనంలో పత్రి కోసం పిల్లలందరినీ ఊరి మీదకు తోలేవారు. ఉమ్మెత్త ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలని, గరికను కణుపు కింద తుంచాలని, ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు బజారులో ఏవో నాలుగు కొమ్మలు కలిపి కట్టిన మోపు కొంటున్నాం. గ్వాడలూపేలో కూడా ఈస్టరుకు ముందు నలభై రోజులు పెద్ద తంతు జరుగుతుందని విన్నాను. పిల్లలు ఆ పనుల్లో పాల్గొంటే మొక్కలు వాటంతట అవే పరిచయం కావా?

టూసాన్_తెలుగు
కొంతవరకు అవుతాయి. పందిళ్లకు కొమ్మలు తేవడం, జింక నాట్యం జరిగే చోటును పచ్చని ఆకులతో అలంకరించడం, ఇవన్నీ కుర్రాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. పైగా ఈ జ్ఞానం గడ్డకట్టి ఉన్నది కాదు. 1617లో జెస్యూట్ మతగురువులు వచ్చాక వారి వెంట వచ్చిన సదాపాకును కూడా యాకీలు తమ పెరళ్లలోకి తెచ్చుకున్నారు. మన రుద్రజడ జాతి తులసి కూడా అక్కడి వాకిళ్లలో ఉంటుంది. ఇన్నిటిని కలుపుకున్నవాళ్లకు ఫోను మాత్రం పరాయిది కావలసిన పని లేదు. అది ఎవరి చేతిలో ఉంటుంది అన్నదే అసలు ప్రశ్న.

చట్టం_చదివిన_చెల్లి
ఆ ప్రశ్నకు చట్టం ఇచ్చే సమాధానం బలహీనమైనదని చెప్పక తప్పదు. జీవవైవిధ్య ఒప్పందంలో అమెరికా సభ్యురాలు కాదు, కాబట్టి మొక్కలనూ వాటి గురించిన సంప్రదాయ జ్ఞానాన్నీ వాడుకుంటే లాభంలో వాటా ఇవ్వాలనే 2010 నాటి నగోయా ఒడంబడిక అక్కడ వర్తించదు. మెక్సికో మాత్రం సభ్యదేశమే. అంటే ఒకే తెగ, ఒకే మొక్క, ఒకే వాడకం అయినా సరిహద్దుకు అటు ఒక రక్షణ, ఇటు మరొకటి. యూట్యూబులో పెట్టిన తరువాత ఆచరణలో పెద్దగా రక్షణ మిగలదు. వీడియోలో చెప్పిన సంగతి కొత్తది కాదు కాబట్టి వేరేవాడు దాని మీద నేరుగా పేటెంటు పొందలేకపోవచ్చు, కానీ దాన్ని పట్టుకొని సరుకు తయారు చేసి అమ్ముకుంటే అడిగే నాథుడు ఉండడు.

మన దేశంలో 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేదం, యునానీ, సిద్ధ వంటి రాతగ్రంథాల మీద ఆధారపడింది. చెంచులూ కోయలూ నోటితో చెప్పుకునే సంగతులకు అది గొడుగు పట్టదు. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి 1990లలో జీవని అనే మందు తయారైంది. లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం కాణిలకే ఇచ్చారు. దాన్ని ప్రపంచమంతా ఆదర్శంగా చెప్పుకుంది. అయినా ఆ రహస్యం చెప్పే హక్కు తమదేనని, యువకులు ఇద్దరు ముగ్గురు చెప్పేయడం తప్పని ప్లాతీలనే వారి వైద్యులు కొందరు అభ్యంతరం చెప్పారు. మనవరాలు ఒప్పుకున్నంత మాత్రాన అమ్మమ్మ ఒప్పుకున్నట్టు కాదు, అమ్మమ్మ ఒప్పుకున్నంత మాత్రాన తెగ ఒప్పుకున్నట్టూ కాదు. పాస్క్వా యాకీ ప్రభుత్వంలో భాషా సంస్కృతుల కోసం పనిచేసేవారున్నారు. ముందుగా మనవరాలే వెళ్లి వారితో మాట్లాడడం మంచిది.

పసరు_మనవడు
ఇన్ని గడపలు ఎక్కేలోపు ఆవిడ ఉంటారా? చెల్లి గారు చెప్పినవన్నీ న్యాయమైనవే, కానీ న్యాయం జరిగేదాకా మనిషి ఆగరు. కుటుంబం వరకైనా గొంతు రికార్డు చేసి బీరువాలో పెట్టుకోమనండి. తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది.

చట్టం_చదివిన_చెల్లి
కుటుంబం కోసమే అయితే నాకు అభ్యంతరం లేదు. ఇటువంటి అవసరం కోసమే ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియాలోని వరుముంగు ప్రజలతో కలిసి దాన్ని రూపొందించారు. ఏది ఆడవారికి, ఏది మగవారికి, ఏది కుటుంబానికి, ఏది అందరికీ అన్నది ఆ సముదాయమే నిర్ణయించుకోవచ్చు.

ఎడారి_మల్లె
అందరి మాటలూ మనవరాలికి అనువదించి వినిపించాను. యూట్యూబు ఆలోచన మానుకుంది. మొన్న శనివారం పెద్దావిడ, మనవరాలు, ఆమె పిల్లలిద్దరితో పాటు నేను కూడా ఊరి అంచున ఉన్న కాలువ గట్టు దాకా నడిచాను. ఫోను మనవరాలి దగ్గర ఉంది, శబ్దం మాత్రమే రికార్డు చేసింది. ఆవిడ క్రియోసోటు పొద దగ్గర ఆగి, తమ భాషలో దానితో ఏదో మాట్లాడి, ఆ తరువాతే ఒక రెమ్మ తుంచారు. చిన్నవాడి అరచేతిలో పెట్టి నలపమన్నారు. ఆ ఆకు జిగురుగా ఉంటుంది, వేళ్లకు లక్కలా అంటుకొని వదలదు. వాడు ముక్కు దగ్గర పెట్టుకొని వాన వాసన అన్నాడు. ఆవిడ నవ్వి, ఇది తాగేది కాదని, ఒంటి పైకే వాడాలని మూడుసార్లు వాడితోనే అనిపించారు. డాక్టరు గారి హెచ్చరిక అవసరం లేకుండానే ఆ పాఠం అక్కడ ఉంది.

ఇంకొక మొక్క దగ్గర మాత్రం రికార్డు ఆపమని సైగ చేసి పిల్లలకు చెవిలో చెప్పారు. నేను దూరంగా జరిగాను. అదేమిటని ఎవరినీ అడగలేదు, ఇక్కడ కూడా అడగవద్దని కోరుతున్నాను.

పసరు_మనవడు
ఆ చెవిలో చెప్పినది కూడా ఎక్కడో ఒక చోట రాసి ఉంచితే బాగుండునని నేను ఇప్పటికీ అంటాను. పిల్లలు చిన్నవాళ్లు, మరచిపోతారు.

నల్లమల_బాట
మరచిపోతే మళ్లీ అడగడానికి వాళ్లే వెళ్తారు. ఆవిడకు కావలసింది కూడా అదే.

కడప_సుబ్బారాయుడు
ఎడారి_మల్లె గారూ, వేసవి దాకా ఆ నడక ఆపకుండా కొనసాగించమనండి. మీ వైపు మెస్కీటు కాయలు జూన్ నెలలో పండి ఎండుతాయి. వర్షాలు మొదలు కాకముందే, చెట్టు మీదివే కోయాలి. నేల మీద పడి తడిసిన కాయకు బూజు పడితే అందులో విషం చేరుతుంది. కొరికి చూసి తియ్యగా ఉన్న చెట్టునే ఎంచుకోవాలి, ఒక్కో చెట్టు రుచి ఒక్కో విధంగా ఉంటుంది. ఏ చెట్టు కాయ తియ్యనిదో ఆవిడకు ఈపాటికే తెలిసి ఉంటుంది, పిల్లలను వెంటబెట్టుకొని ఆ చెట్టు దగ్గరకే వెళ్లమనండి.